హతసాక్షుల స్మృతిచిహ్నములు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



 నేను గొప్ప వక్తను గాను. చరిత్రగ్రంథములు చదువుకొనుటయందు కొంత యభిరుచి గలవాడను, అంతియె. కావున నా మాటలలో లోపములున్నచో హంస నీరమును విడిచి క్షీరమును గ్రహించునట్లు మీరు సారమును మాత్రము గ్రహింప ప్రార్థించుచున్నాను.

ఏ సంఘమైనను కొంతకాలము నడచిన పిమ్మట గతించినవారి పేర్లను శిలపై చెక్కింపవలెనను కోరిక పొడముట సహజము. మన విద్యార్థి వసతిగృహములలోను, కల్యాణమండపములలోను చలువరాతి పలకలపై దాతల నామములు లిఖింపబడియుండుట మీరెరిగినదే. అది తప్పు గాదు. ఇచ్చిన చేతిని మరచుట కృతఘ్నత. కాని యెవరి పేరు చెక్కవలెను, ఎవరి పేరు విడువవలెను అను ప్రశ్నకు సమాధానము చెప్పుట పైకి గనబడినంత సులభము గాదు. ఈ ప్రశ్నను మన యింటి ముంగిట నిలువబడి విచారించినచో పక్షపాతము కలుగవచ్చును. అందుచేత దూరదేశమునుండి యొక యుదాహరణమును మీ ముందుంచ సాహసించుచున్నాను. ఆ దేశస్థుల మతము వేరు, భాష వేరు. వారి దుఃఖము మాత్రము మనకు తెలియని దుఃఖము గాదు.

తెలుగు క్రైస్తవులు 'హతసాక్షి' యని యొక మాటను వాడుదురు. తన విశ్వాసము నిమిత్తము చంపబడినవాడు హతసాక్షి. గ్రీకు భాషలో దీనికి మూలమైన 'మార్టిస్' అను పదమునకు సాక్షి యనియే యర్థము. న్యాయస్థానమున సాక్షి తాను చూచినదానిని నోటితో చెప్పును. హతసాక్షి తన మరణముతో చెప్పును. వాని నోరు మూయించితిమని హంతకులు తలంతురు. ఆ మూయబడిన నోటికి బదులు మాటలాడునదే స్మృతిచిహ్నము. ఈ పదమును మనస్సునందుంచుకొని నేను చెప్పబోవు వృత్తాంతమును వినుడు.

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అను చిన్న దేశము గలదు. దాని వైశాల్యము సుమారు 21,000 చదరపు కిలోమీటర్లు. విభజనకు పూర్వపు మన అనంతపురము జిల్లాకంటె కొంచెము పెద్దదని చెప్పవచ్చును. అచ్చటి ముఖ్యమైన పంట కాఫీ. మంచి భూమియంతయు కొలదికుటుంబముల చేతులలో నుండ, తక్కిన జనులు కూలినాలి చేసికొని బ్రతుకుచుండిరి. 1932వ సంవత్సరము జనవరి మాసమున పశ్చిమభాగమందలి రైతుకూలీలు తిరుగబడగా ప్రభుత్వసైన్యము వారిని నిర్దయగా వధించెను. చచ్చినవారు 10,000 మంది యనువారు కొందరు, 30,000 మంది యనువారు కొందరు. చరిత్రకారులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. వేలమంది చావగా లెక్క తేలకపోవుట కెంత దుర్గతి పట్టవలెనో యోచింపుడు! పేరు వ్రాసికొనువారు లేనియెడల మనుష్యుడు రెండుమార్లు చచ్చును.

ఆ తరువాత నలువదియైదేండ్లకు, అనగా 1977వ సంవత్సరమున, ఆ దేశమున మరల రక్తము చిందుట యారంభమయ్యెను. అగిలారెస్ అను గ్రామమున రుతీలియో గ్రాందె యను జెసూట్ గురువు చెరకుతోటలలో పనిచేయు కూలీల నడుమ మతబోధ చేయుచుండెను. దేవుడు కొందరికే భూమి నిచ్చెనా యని యాయన బోధించుట భూస్వాములకు కంటగింపయ్యెను. 1977 మార్చి 12వ తేదీన ఆయన తన జన్మగ్రామమగు ఎల్ పైస్నాల్‌లో పూజ జరుపుటకు మోటారుబండిలో పోవుచుండగా దారిలో కాపువేసినవారు తుపాకులతో కాల్చి చంపిరి. ఆయనతోడ మరి యిద్దరు చనిపోయిరి. ఒకరు 72 ఏండ్ల వృద్ధుడు, మాన్యుయల్ సొలోర్సానో. రెండవవాడు 16 ఏండ్ల బాలుడు, నెల్సన్ లేముస్. హత్య జరిగిన చోట దారిప్రక్కను మూడు సిలువలు నాటబడినవి. గురువునకొక పెద్ద స్తంభమును నిలిపి, తక్కిన యిద్దరిని 'మరి యిద్దరు' అని వ్రాసి విడిచిపెట్టియుండవచ్చును. లోకమందు పెక్కుచోట్ల జరుగునది అదియే. ఆ గ్రామస్థు లట్లు చేయలేదు. ముగ్గురకు మూడు సిలువలు. ముగ్గురి భౌతికకాయములను ఎల్ పైస్నాల్ దేవాలయమున నొక్కచోటనే సమాధి చేసిరి. 2022 జనవరి 22వ తేదీన రోమను కథోలిక సభ గురువును ధన్యుడని ప్రకటించినప్పుడు ఆ వృద్ధుని, ఆ బాలునిగూడ ధన్యులని ప్రకటించెను. మూడు సిలువలు నాటిన పల్లెవారి తీర్పును రోమునగరము నలువదియైదేండ్లకు స్థిరపరచినదని నేను తలంతును.

ఈ హత్య జరిగినప్పుడు రాజధానియగు శాన్ సాల్వడార్ నగరమున అగ్రపీఠాధిపతి పదవిని స్వీకరించి మూడువారములైనను గడువనివా రొకరుండిరి. ఆయన పేరు ఆస్కార్ రొమేరో. స్వభావముచేత సాధువు, గ్రంథపఠనమునందు మునిగియుండువాడు. ఈయనవలన తమకు తొందర యుండదని ధనికులు సంతోషించిరట. రుతీలియో గ్రాందె యీయనకు మిత్రుడు. మిత్రుని శవమును చూచిన పిమ్మట ఆయన నడవడి మారెను. ఆ తరువాతి ఆదివారమున తన పీఠమందలి దేవాలయములన్నిటిలో పూజలు నిలిపి, ప్రధానదేవాలయమున నొక్క పూజ మాత్రమే జరిపించెను. హత్యపై విచారణ జరుగువరకు ప్రభుత్వోత్సవములకు రానని ప్రకటించెను. ప్రతి యాదివారము రేడియో ద్వారమున ఆయన యుపన్యాసమును దేశమంతయు వినుచుండెను. ఆ యుపన్యాసములలో ఆయన ఆ వారమున చంపబడినవారి పేర్లను, కానరాకుండపోయినవారి పేర్లను చదువుచుండెను. సోదరులారా! ఇదియే నా దృష్టిలో ఆ దేశమున వెలసిన మొదటి స్మృతిచిహ్నము. దానికి రాయి లేదు, సున్నము లేదు. ఒక మనుష్యుని కంఠస్వరము మాత్రమే కలదు.

1980 మార్చి 23వ తేదీన ఆయన సైనికులను సంబోధించి, చంపుట మానుమని దేవుని పేర వేడుకొనెను. మరునాటి సాయంకాలము కేన్సరు రోగుల యాసుపత్రిలోని చిన్న ప్రార్థనామందిరమున పూజ జరుపుచుండగా ఒక్క గుండుతో ఆయనను కూల్చిరి. మార్చి 30వ తేదీన అంత్యక్రియలకు చేరిన లెక్కలేని జనముపై బాంబులు పడెను, తుపాకులు మ్రోగెను. ఆ తొక్కిసలాటలోను, కాల్పులలోను పదులకొలది జనులు ప్రాణములు గోల్పోయిరి.

ఆ యాసుపత్రి యావరణలోనే మఠకన్యలు ఆయనకు కట్టియిచ్చిన చిన్న యిల్లు గలదు. అగ్రపీఠాధిపతికి రాజధానిలో సౌధము దొరకకపోలేదు. ఆయనయే మరణాసన్నులైన రోగుల ప్రక్కను ఉండుట కోరుకొనెను. నేడా యిల్లు ప్రదర్శనశాల. ఆయన మంచము, వ్రాతయంత్రము, రక్తసిక్తమైన పూజావస్త్రము అచ్చట నున్నవి. ప్రధానదేవాలయపు నేలమాళిగయందున్న ఆయన సమాధిపై కంచుతో పోతపోసిన శిల్పము గలదు. శయనించిన యా మూర్తికి నాలుగుమూలల నలుగురు సువార్తికులు నిలిచియుందురు. లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ పశ్చిమద్వారముపై 1998వ సంవత్సరమున ఇరువదవ శతాబ్దపు హతసాక్షులు పదిమందికి ప్రతిమలు నిలిపినప్పుడు అందొకటి రొమేరోదయ్యెను. 2014లో స్వదేశపు విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టిరి. 2018 అక్టోబరు 14వ తేదీన రోమునందు ఆయనను పునీతుడని ప్రకటించిరి.

ఇన్ని గౌరవములు జరిగినవి గదా! మరి హంతకుల మాట యేమైనది? ఐక్యరాజ్యసమితి యేర్పరచిన సత్యశోధక సంఘము 1993 మార్చి 15వ తేదీన తన నివేదికను ప్రకటించి, రాబర్తో దొబుయిస్సోన్ అను మాజీ సైన్యాధికారి యీ హత్యకు ఆజ్ఞయిచ్చెనని నిర్ణయించెను. అతడు అంతకు మునుపు సంవత్సరమే రోగముచేత మరణించియుండెను. నివేదిక వెలువడిన అయిదు దినములకే ఆ దేశపు శాసనసభ సర్వక్షమాశాసనమును చేసెను. 2016వ సంవత్సరమున సర్వోన్నతన్యాయస్థానము ఆ శాసనమును కొట్టివేసినను, రొమేరో హత్యకై స్వదేశమున నొక్కనికైనను శిక్ష పడలేదు. పేరు విమానాశ్రయముపై నున్నది, న్యాయము మాత్రము దిగిరాలేదు. కావున గొప్ప కట్టడము నిలిచినంతమాత్రమున ఋణము తీరిపోయినదని తలపరాదు. ఐక్యరాజ్యసమితివారు మార్చి 24వ తేదీని సత్యమును తెలిసికొను హక్కునకు అంతర్జాతీయ దినముగా నియమించుటలోని భావమిదియే.

1980లో ఆరంభమైన అంతర్యుద్ధము 1992 జనవరి 16వ తేదీన సంధితో ముగిసెను. అందు సుమారు 75,000 మంది మరణించిరి. వారిలో నలుగురు స్త్రీలు అమెరికా దేశమునుండి బీదలకు సేవచేయ వచ్చినవారు. ముగ్గురు మఠకన్యలు, ఒకరు గృహస్థసేవిక. వారిని 1980 డిసెంబరు 2వ తేదీన జాతీయ రక్షకదళమువారు చంపి పూడ్చిరి. ఆ చోటున నేడొక ప్రార్థనామందిరము గలదు.

ఇక నా హృదయమును మిక్కిలి కదలించిన స్మృతిచిహ్నమును గూర్చి చెప్పెదను. అదియొక గులాబితోట.

శాన్ సాల్వడార్‌లో జెసూట్ గురువులు నడపు విశ్వవిద్యాలయము గలదు. దాని యధ్యక్షుడు ఇగ్నాసియో ఎల్లకూరియా తత్త్వవేత్త. యుద్ధము ఆయుధములతో తీరదు, సంధియే దారి యని యిరుపక్షములకు చెప్పుచుండెను. 1989 నవంబరు 16వ తేదీన తెల్లవారకముందే అట్లకాత్ల్ అను పటాలమునకు చెందిన సైనికులు గురువుల నివాసమున ప్రవేశించి, ఎల్లకూరియాను, ఇగ్నాసియో మార్టిన్ బారోను, సెగుందో మోంటెస్‌ను, హువాన్ రమోన్ మొరేనోను, అమాందో లోపెజ్‌ను, హోయాకిన్ లోపెజ్ ఇ లోపెజ్‌ను చంపిరి. ఆ రాత్రి ఆ యింటిలో మరి యిద్దరుండిరి. వంటచేయు ఎల్బా రామోస్, 16 ఏండ్ల ప్రాయముగల యామె కుమార్తె సెలీనా. నగరమున పోరు జరుగుచుండుటచేత గురువుల యింట భద్రముగా నుందుమని తలంచి వారచ్చట పండుకొనిరి. సాక్షులను మిగులనీయరాదని సైనికుల కాజ్ఞ యుండెనని సత్యశోధక సంఘము తేల్చెను. ఆ యాజ్ఞచేత తల్లియు బిడ్డయు బలియైరి. సాక్షులు కాకుండుటకై చంపబడినవారే హతసాక్షులైరి. ఆ పదమున కింతకంటె స్పష్టమైన యర్థము నేనెరుగను.

ఎల్బా భర్త ఓబ్దూలియో ఆ విశ్వవిద్యాలయమున కావలిపనియు, తోటపనియు చేయుచుండెను. తన భార్యయు కుమార్తెయు మరణించిన యింటి ముంగిట, గురువుల శవములు పడియుండిన పచ్చికపట్టున, ఆయన తన చేతులతో గులాబిమొక్కలు నాటెను. గురువులకు ఆరు ఎర్ర గులాబులు, భార్యకును కుమార్తెకును రెండు పచ్చ గులాబులు. ఆయనకు శిల్పి లేడు, చందా లేదు, శంకుస్థాపనోత్సవము లేదు. తోటమాలికి తెలిసిన విద్యతో తన దుఃఖమును భూమిలో నాటెను. ఆయన 1994లో మరణించెను. తోట నేటికిని పూచుచున్నది. ఆ ప్రక్కనున్న ప్రదర్శనశాలలో రక్తము తడిసిన మట్టిని, పచ్చికను గాజుపాత్రలలో భద్రపరచిరి. ఏటేట నవంబరు మాసమున విద్యార్థులును గ్రామస్థులును దీపములు చేతబట్టి యూరేగుదురు. రంగులద్దిన ఉప్పుతో మన ముగ్గులవలె నేలపై చిత్రములు వేయుదురు. ఎనమండుగురి పేర్లను చెప్పుదురు. ఆరుగురివి మాత్రమే కాదు, ఎనమండుగురివి!

ఈ హత్యలను తిరుగుబాటుదారులే చేసిరని మొదట ప్రచారము జరిగెను. సైనికులు ఆ భావము కలుగునట్లు వ్రాతలు సైతము వ్రాసి పోయిరి. 1991లో ఇద్దరు సైనికాధికారులు దోషులని తేలిరి గాని సర్వక్షమాశాసనముచే విడుదలయైరి. 2020 సెప్టెంబరు 11వ తేదీన స్పెయిన్ దేశపు న్యాయస్థానము మాజీ కర్నల్ ఇనొసెంతె మొంటానోకు 133 సంవత్సరముల 4 మాసముల కారాగారశిక్ష విధించెను. అయిదుగురు గురువులు స్పెయిన్‌లో జన్మించినవారగుటచే ఆ యయిదుగురి హత్యకే యీ శిక్ష. స్వదేశీయుడైన ఆరవ గురువునకును, వంటమనిషికిని, ఆమె బిడ్డకును ఆ శిక్షలో చోటు దొరకలేదు. న్యాయస్థానము లెక్కింపజాలని యా ముగ్గురిని గులాబితోట లెక్కించినది. చూచితిరా, తోటమాలి ధర్మాసనమును!

స్మృతిచిహ్నములు పగను పెంచునని కొందరు పెద్దలందురు. ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. రాతిని చూపి రక్తమునకు రక్తము కోరినవారు లోకమున లేకపోలేదు. కాని యీ వృత్తాంతమున మరియొక విషయము గమనింపుడు. ఆ 1991లో దోషులని తేలిన యధికారులలో నొకడు 2016లో మరల చెరసాలకు పోగా, అతని శిక్షను తగ్గింపుమని కోరినవారు జెసూట్ గురువులే. వారు మొదట సత్యము బయటపడవలెననిరి. పిదప క్షమింపవచ్చుననిరి. సత్యము తెలియకముందు క్షమింపుమనుట మరచిపొమ్మనుటయే. తెలిసిన పిమ్మట క్షమించుట మనుష్యత్వము.

సత్యశోధక సంఘము హతులందరి పేర్లతో జాతీయస్మారకము కట్టుమని ప్రభుత్వమునకు సూచించెను. పదియేండ్లు గడచినను ప్రభుత్వము కట్టలేదు. అందుపై ప్రజాసంఘములే పూనుకొని, 2003 డిసెంబరు మాసమున రాజధానిలోని కుస్కత్లాన్ ఉద్యానమున నల్లరాతిగోడ నొకదానిని ప్రతిష్ఠించిరి. దాని పొడవు సుమారు 85 మీటర్లు. దానిపై పాతికవేలకు పైగా పేర్లు సంవత్సరక్రమమున చెక్కబడినవి. రొమేరో పేరు ఆ వరుసలోనే యున్నది. సమాధి దొరకని బిడ్డల తల్లు లచ్చటికి వచ్చి, రాతిమీది యక్షరములను వ్రేళ్లతో తడవి, పువ్వులు పెట్టి పోవుదురు. ఎల్ మొసోతె యను పల్లెలో 1981 డిసెంబరు మాసమున సైన్యము దాదాపు వేయిమందిని చంపెను. దేవాలయము ప్రక్కనున్న యింటిలో 1992లో త్రవ్విచూడగా దొరికిన 143 అస్థిపంజరములలో 131 పండ్రెండేండ్ల లోపు బిడ్డలవి. అచ్చటను నేడు దేవాలయపు గోడయొద్ద బిడ్డల పేర్లు, వయస్సులు వ్రాయబడి, వారికై తోట పెంపబడుచున్నది. ఆ దేశాధ్యక్షుడు 2012 జనవరి 16వ తేదీన ఆ పల్లెకు వచ్చి ప్రభుత్వపక్షమున క్షమాపణ వేడెను. పేర్లు వ్రాసియుండనిచో ఎవరిని క్షమాపణ వేడగలడు?

సోదరులారా! ఇది పరదేశకథ, మనకేల యని యెవరైన ననవచ్చును. మన పల్నాటిసీమలో నాగులేటి యొడ్డున కారెంపూడి గలదు. పండ్రెండవ శతాబ్దమున దాయాదుల రాజ్యకలహములో మడిసిన వీరులకు అచ్చట గుడి గలదు. ఏటేట కార్తిక అమావాస్యకు మొదలై అయిదు దినములు వీరారాధనము జరుగును. బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భుజింపజేసిన చాపకూడును ఆ తిరునాళ్లలో నేటికిని జ్ఞప్తికి తెచ్చుకొందురు. మాలకులజుడైన కన్నమదాసు ఆ వీరులలో నగ్రగణ్యుడు. ఎల్ పైస్నాల్ పల్లెవారు మూడు సిలువలు నాటుటకు ఎనిమిది శతాబ్దములకు పూర్వమే, కలిసి మడిసినవారిని కలిపి స్మరింపవలెనను నీతి మన పెద్దలకు తెలిసియుండెను. మనమే దానిని తిరునాళ్లయందు పాడించుకొని, తక్కిన దినములలో మరచుచున్నాము.

ఇది యొక కులమువారి సభ. కులసంఘములు విద్యార్థులకు వసతిగృహములు కట్టినవి, వేతనములిచ్చినవి, బాలికలను చదివించినవి. ఆ మేలును కాదనువాడను గాను. ఐనను కులసంఘమునకు సహజమైన యొక దోషము గలదు. తనవారి పేర్లను మాత్రమే పెద్దయక్షరములతో వ్రాసికొనుట. మన వసతిగృహములలో దాతల పేర్లు చదివితిమి. ముప్పదియేండ్లు అన్నము వండి పెట్టిన తల్లి పేరును ఏ చలువరాతిపైనైన చదివితిమా? వరదలయందు, అల్లరులయందు మనవారిని తన యింట దాచిన పొరుగువాని పేరు చదివితిమా? అతడు మన కులమువాడు కాకపోవచ్చును. మన కొరకు నిలిచినవాడు మాత్రమగును.

కావున సభవారికి నా విన్నపములు మూడు. మొదటిది: ఇకమీదట మన సంఘము నెలకొల్పు ప్రతి శిలాఫలకముపై ధనమిచ్చినవారితోబాటు దేహశ్రమ యిచ్చినవారి పేర్లను గూడ ఒక్క పరిమాణముగల యక్షరములతో చెక్కింపవలెను. రెండవది: గ్రామగ్రామమున వృద్ధులు జీవించియుండగనే, జరిగిన మేలు కీడులను, చనిపోయినవారి నామధేయములను, సంవత్సరములతో సహా వ్రాయించి భద్రపరుపవలెను. 1932 నాటి యా నిర్భాగ్యుల గతి మన పల్లెలకు పట్టకూడదు. మూడవది: మనవారు పొందిన యన్యాయమును వ్రాయునప్పుడు మనవారు చేసిన యన్యాయమునుగూడ వ్రాయవలెను. ఒక చెంపనే చూపు నద్దము అద్దము గాదు. ఈ మూడవది కష్టమైనదని నేనెరుగుదును. ఈ మూడింటిలో నేదైన నొకటి మాత్రమే నెరవేరునన్నచో దానినే నేను కోరుకొందును.

రాయి కరిగిపోవును, కంచు నల్లబడును, ఉత్సవమునకు జనము తగ్గును. పేరు పలుకువా డుండినంతకాలము సాక్ష్యము నిలుచును. తోటమాలి నాటిన రెండు పచ్చ గులాబులను తలచుకొని, మన పలకలపై విడిచిపెట్టబడిన పేర్లను నేటి రాత్రి యిండ్లకు పోయిన పిమ్మట ఒక్కమారు లెక్కించుకొనుడని ప్రార్థించుచున్నాను.